హెచ్‌వో మోడల్ రైలు పాయింట్లు నమ్మకంగా పడాలంటే: ఎనిమిదింటికి కలిపి మూడు వేల రూపాయలు దాటకూడదు

లూప్‌లైన్:

అందరికీ నమస్కారం. 8×4 అడుగుల, 12 మి.మీ. ప్లైవుడ్ మీద హెచ్‌వో (1:87 కొలత మోడల్ రైలు) లేఅవుట్. ట్రాక్ అంతా పెకో కోడ్ 100. పాయింట్లు (ఒక లైను రెండుగా చీలే చోట్లు) ఎనిమిది: ఆరు ఇన్సుల్‌ఫ్రాగ్ (లోపలి పట్టాలు కలుసుకునే మొన, అంటే ఫ్రాగ్, ప్లాస్టిక్‌ది), రెండు ఎలక్ట్రోఫ్రాగ్ (ఫ్రాగ్ కూడా లోహమే). ప్రస్తుతానికి మామూలు డీసీ కంట్రోలర్, ముందు ముందు డీసీసీకి (పట్టాల ద్వారా ఒక్కో ఇంజిన్‌కి విడిగా డిజిటల్ ఆదేశం పంపే పద్ధతి) మారే ఆలోచన ఉంది. నాలుగు పాయింట్లకు పీఎల్-10 కాయిల్ మోటార్లు (పాయింటుని ఒక్క దెబ్బతో నెట్టేవి) బిగించి ఉన్నాయి, మిగతా నాలుగూ వేలితో నెట్టడమే.

ఇబ్బందులు ఇవి. ఆరు చక్రాల చిన్న షంటర్ నెమ్మదిగా పోతే పాయింటు మధ్యలో ఆగిపోతోంది. రెండు పాయింట్ల మీద పక్క లైనుకి తిరిగేటప్పుడు వ్యాగన్లు పట్టాలు తప్పుతున్నాయి. అన్ని వ్యాగన్లూ కాదు, కొన్నే. కాయిల్ మోటార్లు ఒక్కోసారి సగం కొట్టి వదిలేస్తున్నాయి. ఒక ఇన్సుల్‌ఫ్రాగ్ దగ్గర మాత్రం పెద్ద డీజిల్ దాటేటప్పుడు నిప్పురవ్వ, క్షణంపాటు షార్ట్.

టార్టాయిస్ లాంటి స్లో మోషన్ మోటార్లు మంచివంటారు. కానీ బయటి నుంచి తెప్పిస్తే రెండు కొనేసరికే బడ్జెట్ అయిపోతుంది. మన దగ్గర దొరికే సామానుతో దీన్ని ఎలా దారికి తేవాలి? సోల్డరింగ్ వచ్చు, ఆర్డుయినో కొంచెం తెలుసు.

స్టాక్‌రైల్:

మోటార్ల సంగతి చివర చూద్దాం. మీరు రాసిన నాలుగింట్లో మోటారు తప్పు ఒక్కటే, మిగతా మూడూ చక్రాల దగ్గరా కరెంటు దగ్గరా ఉన్నాయి. పదివేలు పెట్టి మోటార్లు మార్చినా ఆ మూడూ అలాగే ఉంటాయి.

పట్టాలు తప్పడం నుంచి మొదలుపెడదాం. కొన్ని వ్యాగన్లే తప్పుతున్నాయంటే ముందు అనుమానించాల్సింది పాయింటుని కాదు, వాటి చక్రాలని. ఒక ఇరుసు మీది రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం డిజిటల్ కాలిపర్‌తో కొలవండి. 14.4 నుంచి 14.5 మి.మీ. మధ్య ఉండాలి. 14.2 ఉంటే చక్రం వెనకవైపు చెక్ రైలుకీ (ఫ్రాగ్ ఎదుట చక్రాన్ని దారిలో ఉంచే పొట్టి పట్టా), తెరుచుకుని ఉన్న బ్లేడ్ (దారి మార్చడానికి కదిలే సన్న పట్టా) వీపుకీ ఒరుసుకుని ఎక్కుతుంది. మరీ ఎక్కువైతే అవతలి చక్రం అంచు ఫ్రాగ్ ముక్కుకి కొట్టుకుంటుంది. సరిచేయడం సులువే: రెండు చక్రాలనీ చెరో చేత్తో పట్టుకుని తిప్పుతూ లాగాలి, లేదా నొక్కాలి. నేరుగా లాగితే చక్రం ఒంకర పోతుంది. సర్దాక మూడు చోట్ల కొలవండి. మూడింటి మధ్యా 0.1 మి.మీ. కంటే ఎక్కువ తేడా ఉంటే చక్రం ఊగుతున్నట్టే.

తర్వాత బరువు. అమెరికా మోడలర్ల సంఘం ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ సిఫార్సు ప్రకారం హెచ్‌వో వ్యాగన్‌కి 1 ఔన్సు, పైన ప్రతి అంగుళం పొడవుకీ అర ఔన్సు ఉండాలి. అంటే ఆరంగుళాల వ్యాగన్ 113 గ్రాములు తూగాలి. చవక వ్యాగన్లు చాలావరకు అందులో సగం కూడా ఉండవు. టైర్ల షాపులో వీల్ బ్యాలెన్సింగ్‌కి వాడే అంటుకునే బరువులు 5, 10 గ్రాముల ముక్కలుగా దొరుకుతాయి. వాటిని లోపల నేలకి, ఇరుసుల మధ్యలో అంటించండి. పైకప్పుకి అంటిస్తే తల బరువై వంపులో ఒరుగుతుంది.

ఇవి రెండూ సరిగా ఉన్నా అదే చోట తప్పుతుంటే అప్పుడు పాయింటు చూడాలి. బ్లేడ్ మూసుకున్నాక దాని మొనకీ స్టాక్ రైలుకీ (బ్లేడ్ వచ్చి ఆనే బయటి పట్టా) మధ్య మామూలు జెరాక్స్ కాగితం పీలిక పెట్టి లాగండి. 80 జీఎస్‌ఎం కాగితం సుమారు 0.1 మి.మీ. మందం. పీలిక బిగుసుకుని చిరగబోవాలి. జారి వచ్చేసిందంటే చక్రం అంచు దూరడానికి దారి ఉన్నట్టే. (అసలు రైల్వేలోనూ ఇలాంటి పరీక్షే ఉంది: టంగ్ రైలుకీ, అంటే బ్లేడ్‌కీ, స్టాక్ రైలుకీ మధ్య 5 మి.మీ. ముక్క పెడితే పాయింట్ మెషీన్ లాక్ కాకూడదు. హెచ్‌వో లెక్కలో అది 0.06 మి.మీ. కూడా కాదు. కాబట్టి కాగితం పరీక్ష మరీ చాదస్తం అనుకోకండి.)

జారుతుంటే మూడు చోట్ల వెతకండి: టై బార్ (రెండు బ్లేడ్లనీ కలిపే అడ్డపట్టీ) కింద ఇరుక్కున్న బ్యాలస్ట్ (కంకర) గింజ, స్లీపర్ల మీద ఎండిపోయిన ఫెవికాల్ పొర, మేకు గట్టిగా కొట్టడం వల్ల వంగిన పాయింటు. స్టీలు స్కేలు నిలువుగా పెట్టి కింద నుంచి వెలుతురు వస్తుందేమో చూడండి. మధ్య స్లీపరు మేకు దిగిపోతే పట్టాల గేజ్ కూడా దగ్గరవుతుంది. ఆ మేకు పీకేయండి. పాయింట్లకి మేకులు అక్కర్లేదు, రెండు చివర్లా పక్క ట్రాక్ పట్టుకుంటే చాలు.

ఇక కరెంటు. షంటర్ ఆగేది ఫ్రాగ్ ప్లాస్టిక్ మీద అని అందరూ అనుకుంటారు. ఇన్సుల్‌ఫ్రాగ్‌లో ఆ ప్లాస్టిక్ చాలా చిన్నది. ఎక్కువసార్లు అసలు కారణం బ్లేడే. బ్లేడుకీ, దాని వెనకున్న పట్టాకీ కరెంటు స్టాక్ రైలుకి మొన ఆనుకోవడం ద్వారానే వస్తుంది. అక్కడ దుమ్ము పేరుకుంటే పాయింటులో సగభాగం చచ్చిపోతుంది. మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టి, ఒక ప్రోబ్ స్టాక్ రైలుకి, రెండోది ఫ్రాగ్‌కి దగ్గరగా ఉన్న లోపలి పట్టాకి ఆనించండి. ప్రోబ్‌ల సొంత నిరోధం తీసేస్తే అర ఓమ్ లోపు రావాలి. బ్లేడ్‌ని వేలితో మెల్లగా కదుపుతుంటే అంకె గంతులేస్తోందంటే దొంగ దొరికినట్టే.

మందు: ఇన్సుల్‌ఫ్రాగ్ అడుగున ప్రతి లోపలి పట్టానీ దాని పక్కనున్న స్టాక్ రైలుకి చిన్న తీగతో కలిపేయండి. 25 వాట్ల ఐరన్, 0.8 మి.మీ. రోజిన్ కోర్ సోల్డర్. పట్టా అడుగుభాగాన్ని ఎమరీ కాగితంతో మెరిసేదాకా గీకి, ముందు పట్టాకీ తీగకీ విడివిడిగా సోల్డర్ పూసి, తర్వాత రెండూ కలిపి రెండు మూడు సెకన్లలో ముగించాలి. రెండు పక్కలా తడి దూది పెడితే స్లీపర్లు కరగవు. రేకులకు వాడే యాసిడ్ పేస్టు ఫ్లక్స్ దగ్గరికి కూడా రానివ్వొద్దు, తర్వాత పచ్చగా చిలుమెక్కి తీగ ఊడొస్తుంది.

రెండు హెచ్చరికలు. ఒకటి: ఇలా కలిపేస్తే పాయింటు వేయని దారికి కరెంటు ఆగే సౌకర్యం పోతుంది. మీది డీసీ కాబట్టి సైడింగ్‌లో నిలబెట్టిన ఇంజిన్ కూడా కదులుతుంది. ఆ సైడింగ్‌లో ఒక పట్టాకి ఇన్సులేటెడ్ జాయినర్ (కరెంటు పారనివ్వని ప్లాస్టిక్ అతుకు) వేసి ఒక ఆన్-ఆఫ్ స్విచ్ పెట్టుకోవాలి. రెండు: ఎలక్ట్రోఫ్రాగ్‌కి ఈ పని నేరుగా చేయకండి. దాంట్లో రెండు లోపలి పట్టాలూ ఫ్రాగ్‌తో కలిసే ఉంటాయి, ఇలా కలిపితే డెడ్ షార్ట్.

డీజిల్ దగ్గర నిప్పురవ్వ గురించి: ఫ్రాగ్ ప్లాస్టిక్ ముగిసి రెండు లోహపు పట్టాలు విడిపోయే చోట వాటి మధ్య సందు చాలా తక్కువ. రెండూ వ్యతిరేక ధ్రువాలు. వెడల్పు చక్రం ఒకేసారి రెండింటినీ తాకుతుంది. ఆ మొనల మీద 8-10 మి.మీ. పొడవున రంగులేని నెయిల్ పాలిష్ రెండు పూతలు వేయండి, అరగంట ఆరనివ్వండి. అరిగాక మళ్లీ వేయాలి, కానీ సీసా ఏళ్లకి సరిపోతుంది. అక్కడ చక్రం వెడల్పుతో పాటు ఇరుసు గేజ్ కూడా కొలవండి, డీజిల్ బోగీలో ఒక ఇరుసు జరిగి ఉండొచ్చు.

కెపాసిటర్ బాబాయ్:

పీఎల్-10 సగం కొట్టి ఆగితే నూటికి తొంభై పాళ్లు చాలినంత కరెంటు దొరకక. ఆ కాయిల్ నిరోధం నాలుగైదు ఓమ్‌లే. కంట్రోలర్ పక్కనున్న 16 వోల్టుల ఏసీ నుంచి నేరుగా కొడితే ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ అక్కడికక్కడే పడిపోతుంది. పైగా బటన్ ఇరుక్కుంటే కాయిల్ కొన్ని సెకన్లలో కాలిపోతుంది. రెండింటికీ ఒకటే మందు, కెపాసిటర్ డిశ్చార్జ్ యూనిట్. రెడీమేడ్ అక్కర్లేదు.

పాత ల్యాప్‌టాప్ అడాప్టర్ తీసుకోండి, 19 వోల్టులది. ప్లస్ నుంచి 1ఎన్4007 డయోడ్, దాని తర్వాత 100 ఓమ్‌ల 5 వాట్ల సిమెంట్ రెసిస్టర్, దాని తర్వాత 4700 మైక్రోఫారడ్, 35 వోల్టుల కెపాసిటర్ ప్లస్. కెపాసిటర్ మైనస్ అడాప్టర్ మైనస్‌కి. కెపాసిటర్ ప్లస్ నుంచి బటన్ల ద్వారా కాయిల్స్‌కి, కాయిల్స్ ఉమ్మడి తీగ మైనస్‌కి. కెపాసిటర్‌కి అడ్డంగా ఇంకో 1ఎన్4007, గీత ఉన్న వైపు ప్లస్‌కి, కాయిల్ వెనక్కి తన్నే వోల్టేజీని మింగడానికి. అంతే.

లెక్క చూడండి. నిండిన కెపాసిటర్‌లో సుమారు 18 వోల్టులు, అంటే 0.8 జౌళ్ల శక్తి. ఒక పాయింటుకి ధారాళంగా చాలు. క్రాస్ఓవర్‌లో (ఒక లైను నుంచి పక్క లైనుకి దాటే చోట) రెండు పాయింట్లు ఒకే బటన్‌తో కొట్టాలంటే పక్కన ఇంకో 4700 కలపండి. ఒక కెపాసిటర్ అయితే నిండడానికి ఒకటిన్నర సెకను, రెండైతే మూడు. బటన్ ఇరుక్కుపోయినా కాయిల్‌లోకి పారేది 0.18 ఆంపియర్లే, వెచ్చబడడం తప్ప కాలదు. వేడంతా రెసిస్టర్ మీద, మూడు వాట్ల పైచిలుకు. అందుకే అది 5 వాట్లది. పావు వాట్ రెసిస్టర్ పెడితే పొగ వస్తుంది. కెపాసిటర్ తిరగేసి పెడితే పేలుతుంది, ప్లస్-మైనస్ రెండుసార్లు చూసుకోండి.

బటన్ విషయంలో పీనాసితనం వద్దు, మోసపోవద్దు కూడా. కొట్టిన క్షణంలో సుమారు నాలుగు ఆంపియర్లు పారతాయి. పీసీబీ మీద పెట్టే బుల్లి టాక్ట్ బటన్లు నాలుగు రోజుల్లో అతుక్కుపోతాయి. ఇంటి కాలింగ్ బెల్ స్విచ్ 6 ఆంపియర్లది, ఎలక్ట్రికల్ షాపులో చవగ్గా దొరుకుతుంది, దానికి మించింది లేదు. చూడటానికి మొరటుగా ఉంటుంది, సరే.

తీగ కూడా. సన్నటి 7/0.2 తీగ పోను రాను పది మీటర్లయితే 0.8 ఓమ్‌లు మింగేస్తుంది. నాలుగు ఓమ్‌ల కాయిల్ ముందు అది చిన్న సంగతి కాదు. ఇంటి వైరింగ్‌లో మిగిలిన 1 చదరపు మి.మీ. తీగ వాడండి.

ఇవన్నీ చేసినా ఒకవైపు బాగా కొట్టి రెండో వైపు బద్ధకిస్తే మోటారు మధ్యలో లేదన్నమాట. బ్లేడ్‌ని సరిగ్గా మధ్యలో ఆపి, మోటారు పిన్ను కూడా మధ్యలో పెట్టి, అప్పుడు బిగించండి. ప్లైవుడ్‌లో పిన్ను కన్నం అంచుకి పిన్ను తగులుతోందేమో టార్చి వేసి చూడండి.

రాడ్డు లివరు:

చేతికి అందే పాయింట్లకి అసలు మోటారు ఎందుకండీ? డీపీడీటీ (రెండు సర్క్యూట్లని ఒకేసారి అటూ ఇటూ మార్చే) స్లైడ్ స్విచ్ ఒకటి చాలు. పాయింటుని నెట్టేదీ అదే, పట్టి ఉంచేదీ అదే, ఫ్రాగ్ ధ్రువం మార్చేదీ అదే. పదిహేను రూపాయలు.

3 ఆంపియర్ల పెద్ద సైజుది కొనండి, చిన్నవి నలిగిపోతాయి. మీటలో 1 మి.మీ. కన్నం వేసి, దాంట్లో 0.8 మి.మీ. స్ప్రింగ్ స్టీలు తీగ నిలబెట్టి అరాల్డైట్ పెట్టండి. స్విచ్ ప్లైవుడ్ అడుగున, తీగ టై బార్ కన్నంలోకి. స్విచ్ మీట నడక 4 మి.మీ. దాకా ఉంటుంది, టై బార్‌కి కావాల్సింది సుమారు 2. మిగతాది తీగ వంగి సర్దుకుంటుంది, ఆ వంపే బ్లేడ్‌ని నొక్కి పట్టేది. అందుకే తీగ బండగా ఉండకూడదు.

ముందు అంచు దాకా రాడ్డుకి సైకిల్ పుల్ల. 2 మి.మీ. మందం, వంగదు, పైగా చివర మర, నిపుల్ వస్తాయి. నిపుల్ తిప్పి పొడవు అర మిల్లీమీటరు వరకు సర్దుకోవచ్చు. రెండు పుల్లలు కలిపితే అర మీటరు దాటుతుంది. ప్రతి 15 సెం.మీ.కి ఒక స్క్రూ ఐ గైడ్. స్విచ్‌లో ఒక పోల్ ఫ్రాగ్‌కి, రెండోది ప్యానెల్ మీద ఎల్‌ఈడీలకి.

నానో సర్వో:

స్లైడ్ స్విచ్‌కి నా ఓటు కూడా. చేయి అందని వాటికి మాత్రం ఎస్‌జి90 సర్వో (చెప్పిన కోణానికి తిరిగి ఆగే చిన్న మోటారు). హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలోనో ఆన్‌లైన్‌లోనో నూరు, నూటయాభై మధ్య. సర్వో నమ్మకంగా లేదనేవాళ్ల లేఅవుట్ కింద చూస్తే ఎక్కువగా బిగించిన తీరే తప్పుగా ఉంటుంది. అందుకని అది వివరంగా.

చాలామంది సర్వో ఇరుసుని అడ్డంగా, చేతిని పైకి నిలబెట్టి, దానికే తీగ కట్టి టై బార్ దాకా పంపుతారు. అప్పుడు ఇరుసు నుంచి టై బార్ దాకా 35 మి.మీ. పైనే అవుతుంది. కోణం చెప్పే పల్స్ నిడివిలో ఎస్‌జి90 గుర్తించే కనీస తేడా 10 మైక్రోసెకన్లు, ఇంచుమించు ఒక డిగ్రీ. 35 మి.మీ. దగ్గర ఒక డిగ్రీ అంటే 0.6 మి.మీ. మొత్తం నడక 2 మి.మీ. ఉన్నచోట 0.6 అడుగులతో సర్దలేరు. ఒకరోజు మూసుకుంటుంది, ఇంకోరోజు సందు వదుల్తుంది.

బదులుగా సర్వోని ఇరుసు నిలువుగా, చేయి ప్లైవుడ్‌కి సమాంతరంగా తిరిగేలా బిగించండి. చేతిలో ఇరుసుకి 10 మి.మీ. దూరంలోని కన్నం వాడండి. ఇప్పుడు ఒక డిగ్రీకి 0.17 మి.మీ. మధ్య నుంచి అటు పది, ఇటు పది డిగ్రీలు తిప్పితే 3.5 మి.మీ. నడక, అంటే పల్స్ 1400 నుంచి 1600 మైక్రోసెకన్లు. అక్కణ్ణుంచి పదేసి మైక్రోసెకన్లు జరుపుతూ సర్దుకోండి.

తీగ 0.8 మి.మీ. పియానో తీగ. చేతిలో బయటి కన్నంలోంచి కిందికి దింపి, లోపలి కన్నంలోంచి మళ్లీ పైకి లాగి వంచేస్తే అక్కడే తిరగకుండా నిలబడుతుంది. చేతి నుంచి టై బార్ దాకా 25-30 మి.మీ. ఉండేలా చూసుకోండి. ఆ పొడవులో 0.8 తీగ బ్లేడ్ మూసుకున్నాక ఇంకో 1 మి.మీ. జరిగితే 50 నుంచి 80 గ్రాముల ఒత్తిడి ఇస్తుంది, బ్లేడ్ కదలకుండా అది చాలు. 0.5 తీగ అయితే పది గ్రాములు కూడా అనుమానమే. 1 మి.మీ. తీగ అయితే రెట్టింపు పైగా, టై బార్ పలచటి ప్లాస్టిక్ ఓర్చుకోదు. పెకో పాయింటులో ఉండే చిన్న స్ప్రింగ్ తీసేయండి. ఉంచితే మధ్య దాకా బద్ధకించి ఠక్కున దూకుతుంది, నెమ్మదిగా కదలడమనే అందం పోతుంది.

ప్లైవుడ్‌లో కన్నం 8 మి.మీ. పైన నల్ల కార్డు ముక్కలో సన్న గాడి కోసి కప్పండి, బ్యాలస్ట్ రాలదు. సర్వోని గ్లూ గన్‌తో అంటించకండి. మే నెలలో మేడ మీది గదిలో ఆ జిగురు మెత్తబడి సర్వో ఒరుగుతుంది. అల్యూమినియం ఎల్ యాంగిల్ ముక్కకి స్క్రూలతో బిగించండి.

కరెంటు: ఆర్డుయినో నానో బోర్డు 5 వోల్టుల పిన్ను నుంచి సర్వోకి ఇవ్వొద్దు. ఇరుక్కున్న ఎస్‌జి90 ఒక్కటే 0.6-0.7 ఆంపియర్లు లాగి బోర్డుని రీసెట్ చేస్తుంది. 2 ఆంపియర్ల ఫోన్ ఛార్జర్ విడిగా పెట్టి, దాని మైనస్‌ని నానో గ్రౌండ్‌తో కలపండి. సర్వోల దగ్గర 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి. ప్రోగ్రాంలో ఒకసారి ఒక సర్వోనే కదిలేలా వరసలో పెడితే ఎనిమిదింటికీ ఆ ఛార్జరే చాలు. ప్రతి 20 మిల్లీసెకన్లకి 2-3 మైక్రోసెకన్లు జరపండి, ఒకటిన్నర, రెండు సెకన్లలో అందంగా పడుతుంది. చేరాక అర సెకను ఆగి డిటాచ్ చేయండి, అంటే పల్స్ ఆపేయండి. గుయ్ మనే మోత పోతుంది, సర్వో వేడెక్కదు, గేర్ల బిగువే స్థానాన్ని పట్టి ఉంచుతుంది.

16 ఛానెళ్ల పీసీఏ9685 సర్వో బోర్డు మీకు అవసరం లేదు. నానోలో డిజిటల్‌గా వాడదగ్గ పిన్నులు, డీ2 నుంచి డీ13, ఏ0 నుంచి ఏ5, మొత్తం 18. ఎనిమిది సర్వోలు, ఎనిమిది టోగుల్ స్విచ్‌లు పోను ఇంకా రెండు మిగుల్తాయి. టోగుల్‌కి లోపలి పుల్‌అప్ ఆన్ చేసి గ్రౌండ్‌కి కలపడమే, రెసిస్టర్లు అక్కర్లేదు.

లూప్‌లైన్:

చాలా థాంక్స్ అండి, ఇంత వివరంగా ఎక్కడా దొరకలేదు. దూరంగా ఉన్న రెండింటికి సర్వో, చేతికందే రెండింటికి స్లైడ్ స్విచ్, పీఎల్-10లకి కెపాసిటర్ యూనిట్ అనుకుంటున్నాను. ఇంకో రెండు సందేహాలు. కరెంటు పోయి వచ్చినప్పుడు సర్వోలు ఉలిక్కిపడి మధ్యకి వస్తాయంటారు, దానికి ఏం చేయాలి? రెండు ఎలక్ట్రోఫ్రాగ్‌లకీ సర్వో పెడితే ఫ్రాగ్ వైరింగ్ ఎలా? డీసీసీకి వెళ్లేటప్పుడు మళ్లీ విప్పాల్సిన పని ఉండకూడదు.

నానో సర్వో:

ఉలిక్కిపడటానికి రెండు కారణాలు కలిసి ఉంటాయి.

మొదటిది ప్రోగ్రాం. అటాచ్ చేశాక (పల్స్ మొదలుపెట్టాక) స్థానం చెప్తే, మధ్యలో కొద్ది క్షణాలు లైబ్రరీ 1500 మైక్రోసెకన్లు పంపుతుంది, పాయింటు మధ్యకి పరుగెడుతుంది. ముందు స్థానం రాసి, తర్వాత అటాచ్ చేయండి. టోగుల్ స్విచ్ వాడుతున్నారు కాబట్టి పాయింటు ఎటు ఉండాలో స్విచ్ స్థానమే చెప్తుంది, గుర్తుపెట్టుకునే పనే లేదు. పుష్ బటన్లయితే ఈఈప్రామ్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీ) దాచాలి. దానికి ఒక్కో గడికి లక్షసార్లు రాసే ఆయుష్షు, పాయింటు మారినప్పుడు మాత్రమే రాస్తే మీ జీవితకాలం సరిపోతుంది.

రెండోది, నానో నిద్రలేచే ఒకటి రెండు సెకన్లు సిగ్నల్ తీగ గాల్లో వేలాడుతుంది. సర్వో ఆ తీగలో పుట్టే కరెంటు అలజడినే పల్స్ అనుకుంటుంది. సిగ్నల్ తీగ నుంచి 5 వోల్టులకి 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెడితే చాలా ఎస్‌జి90లు కుదురుకుంటాయి. కొన్ని రకాలు అదే రెసిస్టర్ గ్రౌండ్‌కి పెడితే ఊరుకుంటాయి. రెండూ పనిచేయకపోతే మిగిలిన పిన్నుల్లో ఒకదానికి రిలే మాడ్యూల్ కలిపి, నానో పల్స్‌లు మొదలుపెట్టాక సర్వోల ప్లస్ తీగని ఆన్ చేయించండి. దీనికి తిరుగులేదు.

స్టాక్‌రైల్:

ఎలక్ట్రోఫ్రాగ్ సంగతి. ముందుగా, ఫ్రాగ్ దాటాక వచ్చే రెండు లోపలి పట్టాలకీ ఇన్సులేటెడ్ జాయినర్లు. డీసీకైనా డీసీసీకైనా ఇది తప్పదు. జాయినర్ దొరక్క రంపంతో కోస్తే ఆ సందులో ప్లాస్టిక్ ముక్క పెట్టి అరాల్డైట్‌తో నింపండి. మీటరు నికెల్ సిల్వర్ పట్టా 20 డిగ్రీల తేడాకి 0.3 మి.మీ. పైగా సాగుతుంది. ఖాళీగా వదిలిన సన్న సందు జనవరిలో బాగుండి ఏప్రిల్‌లో మూసుకుంటుంది, ఆ షార్ట్ ఎక్కడుందో వెతకడం నరకం.

తర్వాత బ్లేడ్లు. పాయింటు తిప్పి చూడండి. ఫ్రాగ్ నుంచి బ్లేడ్ల వైపు వెళ్లే పట్టాలకి అడుగున రెండు జంపర్ తీగలు కనిపిస్తే వాటిని తెంపండి. కనిపించకపోతే ఫ్రాగ్‌కి 20 మి.మీ. ఇవతల రెండు లోపలి పట్టాలనీ సన్న రంపంతో కోసి, పైన చెప్పినట్టే నింపండి. ఇప్పుడు ప్రతి బ్లేడ్ పట్టానీ పక్కనున్న స్టాక్ రైలుకి తీగతో కలపొచ్చు, ఎందుకంటే ఫ్రాగ్ ఒంటరి అయింది. దీనివల్ల ఇంకో లాభం ఉంది: చక్రం వెనకవైపు తెరిచిన బ్లేడ్‌కి తగిలినా రెండూ ఒకే ధ్రువం, షార్ట్ కాదు. డీసీలో ఇలాంటి క్షణకాలపు షార్ట్ కంటికి ఆనదు. డీసీసీ బూస్టర్ (పట్టాలకి కరెంటిచ్చే పెట్టె) మాత్రం వెంటనే ట్రిప్ అయి లేఅవుట్ మొత్తాన్ని ఆపేస్తుంది.

ఫ్రాగ్ నుంచి ఒక తీగ మైక్రోస్విచ్ కామన్‌కి. ఎన్‌వో, ఎన్‌సీ (ఆ స్విచ్ మిగతా రెండు కాళ్లు) చెరో స్టాక్ రైలుకి. సర్వో చేయి వెనక కొస మైక్రోస్విచ్ రేకుని నొక్కేలా బిగించండి. స్విచ్ మారాల్సింది బ్లేడ్లు రెండు వైపులకీ తగలకుండా మధ్యలో ఉన్నప్పుడు. క్లిక్ మోత వినిపించే క్షణాన బ్లేడ్ ఎక్కడుందో చూస్తూ స్విచ్‌ని ముందుకీ వెనక్కీ జరపండి. ధ్రువం తిరగబడి ఉంటే ఇంజిన్ చక్రం ఫ్రాగ్ ఎక్కగానే ప్రతిసారీ షార్ట్ అవుతుంది. ఎన్‌వో, ఎన్‌సీ తీగలు అటూ ఇటూ మార్చండి, చాలు.

కెపాసిటర్ బాబాయ్:

డీసీసీకి వెళ్లాక ఆ రెండు ఫ్రాగ్ తీగల్లో ఒక్కోదానికి వరసలో కారు బ్రేక్ లైటు బల్బు పెట్టండి, 12 వోల్టుల 21 వాట్లది, ఇరవై రూపాయల లోపే. ఇంజిన్ మామూలుగా పోతుంటే బల్బు చల్లగా ఉంటుంది, నిరోధం ఒక ఓమ్ కూడా ఉండదు. పాయింటు తప్పుగా ఉండగా బండి దూసుకొస్తే బల్బు వెలిగి కరెంటుని రెండు ఆంపియర్ల దరిదాపుల్లో ఆపుతుంది. 3 ఆంపియర్ల బూస్టర్ అయితే ట్రిప్ కాదు, మిగతా బండ్లు నడుస్తూనే ఉంటాయి, ఏ పాయింటు దగ్గర తప్పో వెలిగిన బల్బే చూపిస్తుంది. బల్బు వేడెక్కుతుంది, ప్లైవుడ్‌కి ఆనకుండా హోల్డర్‌లో వేలాడదీయండి.